పోస్టు లేని పని, పద్దు లేని భృతి

2024 జులై 1న తెల్లవారకముందే భీమవరం వీధుల్లో పింఛన్ల పంపిణీ మొదలైంది. పెంచిన నాలుగు వేలకు ఏప్రిల్ నుంచి మూడు నెలల బకాయి కలిపి ఒక్కొక్కరి చేతిలో ఏడు వేలు పడ్డాయి. ఇచ్చింది సచివాలయ ఉద్యోగులు. అంతకు నాలుగు నెలల కిందటి దాకా ఆ గడప ముందు నిలబడింది వలంటీరు. ఒకటో తారీఖు కోడి కూయకముందే వేలిముద్రల మిషను, ఫోను, నోట్ల కట్ట పట్టుకుని బయల్దేరడం; “మామ్మగారూ, కాస్త వేలు తుడుచుకుని పెట్టండి” అనడం; అంట్లు తోమీ నాట్లు వేసీ అరిగిపోయిన వేలిముద్ర పడకపోతే ఒక్కో వేలూ మార్చి చూడడం; సిగ్నల్ కోసం అరుగు దిగి వీధి మలుపు దాకా వెళ్లి రావడం. ఈ పని చేసినవాళ్లు రాష్ట్రంలో రెండున్నర లక్షలకు పైమాటే. యాభై ఇళ్లకు ఒకరు. నెలకు 5 వేలు.

వాళ్లను ఫలానా రోజున తీసేశామని చెప్పే జీవో ఏదీ లేదు. అసలు విశేషమంతా అక్కడే ఉంది. 2024 మార్చి 30న ఎన్నికల సంఘం వాళ్లను పింఛన్ల పంపిణీకి దూరంగా ఉంచమంది. అప్పటి అధికార పార్టీ మాట విని చాలామంది రాజీనామాలు చేశారు. చేయనివాళ్లు ఎదురుచూశారు. ఏప్రిల్ 9న, ఉగాది నాడు, అధికారంలోకి వస్తే వలంటీర్లను కొనసాగిస్తామనీ 5 వేలను 10 వేలు చేస్తామనీ చంద్రబాబు నాయుడు హామీ ఇచ్చారు. జూన్ 12న కొత్త ప్రభుత్వం ఏర్పడింది. నవంబరులో శాసన మండలిలో ప్రశ్న వస్తే, 2023 ఆగస్టు తర్వాత వాళ్ల నియామకాన్ని పొడిగిస్తూ ఉత్తర్వే లేదు, లేనివాళ్లను కొనసాగించేదెలా అన్నట్టుగా సంబంధిత మంత్రి జవాబిచ్చారు. ఆ ఆగస్టు దాటాక కూడా నెలల తరబడి ఆ 5 వేలు ఖాతాల్లో పడుతూనే వచ్చాయి. పాత ప్రభుత్వం కాగితం రాయడం మరిచిపోయింది, కొత్త ప్రభుత్వానికి ఆ మరుపు కలిసొచ్చింది. ఒకరి నిర్లక్ష్యం, ఇంకొకరి తెలివి. మధ్యలో పోయింది కుర్రాళ్ల బతుకుతెరువు.

వలంటీర్లంతా నిష్పాక్షికంగా ఎంపికైనవాళ్లని నేను అనను. ఎవరి సిఫారసుతో వచ్చారో ఊళ్లో అందరికీ తెలుసు. 2023 జులైలో ఏలూరులో పవన్ కల్యాణ్ వలంటీర్ల మీద చేసిన విమర్శలకు రాష్ట్రమంతా రేగిన గొడవా గుర్తుంది. వీళ్లను శాశ్వత ఉద్యోగులను చేయాలన్న వాదన నాకెప్పుడూ నచ్చలేదు. అయితే దొడ్డిదారిన వచ్చాడని ఐదేళ్లు పని చేయించుకున్న మనిషిని చెప్పాపెట్టకుండా పంపేయవచ్చా అన్నది వేరే ప్రశ్న. 2021 ఫిబ్రవరిలో జీతం పెంచమని వీళ్లు రోడ్డెక్కినప్పుడు, మీది ఉద్యోగం కాదు సేవ అని అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి లేఖ రాశారు. ఆ ఉగాది నుంచే సేవా మిత్ర, సేవా రత్న, సేవా వజ్ర పురస్కారాలు మొదలయ్యాయి. శాలువా కప్పిన చేతికి సర్వీసు పుస్తకం తెరవాల్సిన అవసరం లేదు. మూడేళ్ల తర్వాత వచ్చిన ప్రభుత్వానికి దారి అప్పుడే పడింది.

కొత్త ప్రభుత్వం వచ్చి ఉద్యోగాల మీద చెయ్యి వేయడం మనకు 2024తో మొదలైంది కాదు. పెద్ద దెబ్బ 1983లో పడింది. అదీ పక్కా ఉద్యోగుల మీద. జనవరి 9న ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 8న, పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. అప్పటికే 55 దాటినవాళ్లంతా ఫిబ్రవరి 28 సాయంత్రం ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. 18 వేలకు పైగా ప్రభుత్వ ఉద్యోగులు, మరో 10 వేల మంది ప్రభుత్వ రంగ సంస్థల సిబ్బంది. ముసలివాళ్లు దిగితే కుర్రాళ్లు ఎక్కుతారన్నది సర్కారు వాదన. కూతురి పెళ్లి, ఇంటి అప్పు, కొడుకు చదువు అన్నీ 58ని చూసుకుని లెక్కేసుకున్న గుమాస్తాలకు మూడేళ్ల జీతం చప్పున మాయమైంది. ఎన్జీవోలు సమ్మెకు దిగారు, కోర్టులకెక్కారు. 1984 ఆగస్టు 23న, నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రిగా ఉన్న ఆ నెల రోజుల్లోనే, వయసు మళ్లీ 58 అయింది. 1985 జనవరిలో నాగరాజు కేసులో సుప్రీంకోర్టు 55కు తగ్గించడం ప్రభుత్వ అధికారమేనని తేల్చింది. అదే ఏడు ప్రభాకరరావు కేసులో మాత్రం, మధ్యకాలంలో దిగిపోయి ఇంకా 58 నిండనివాళ్లను తిరిగి తీసుకోమంది. మొదటి తీర్పు సర్కారుకి ఊరట, రెండోది గుమాస్తాలకి. కోర్టు మెట్లెక్కగలిగారంటే వాళ్ల చేతిలో సర్వీసు నిబంధనలు ఉన్నాయి కాబట్టి.

మరో తమాషా. 55కు దించిన పార్టీయే 2014లో అధికారంలోకి రాగానే విరమణ వయసును 60కి పెంచింది. 2022 జనవరిలో జగన్ ప్రభుత్వం 62 చేసింది. ఉన్నవాళ్లకు పింఛను ప్రయోజనాల చెల్లింపు వెనక్కి పోతుంది, ఖజానాకు ఊపిరి ఆడుతుంది. గ్రూపులకీ డీఎస్సీకీ కోచింగ్ తీసుకుంటున్న పిల్లల వయసు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. 1998 డీఎస్సీలో అర్హత సాధించి ఉద్యోగం రానివాళ్లకు పాతికేళ్లు గడవబోతుండగా, తలలు నెరిశాక, కాంట్రాక్టు పద్ధతిలో కొలువులు దొరికాయి. అదీ మన నిరీక్షణ పొడుగు.

1984 జనవరి 6న కరణాలు, మునసబుల వ్యవస్థను ఆర్డినెన్సుతో ఎత్తేసిన సంగతి డెల్టాలో పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. భూమి కాగితాలన్నీ ఒక కుటుంబం చేతి రాతలో, ఒక ఇంటి బీరువాలో ఉన్న రోజులవి. ఆ పెత్తనం పోవాల్సిందే, పోయింది. సుప్రీంకోర్టూ సమర్థించింది. వంశపారంపర్యపు కరణం పోయాక ఊళ్లో ప్రభుత్వానికి కావలసిన కళ్లూ చేతులూ ఎవరు కావాలన్నది తేలని సమస్య అయింది. ప్రతి ప్రభుత్వమూ తనదైన మనిషిని ఊళ్లో నిలబెట్టుకోవాలనుకుంది, పోస్టు సృష్టించకుండా.

పోస్టు సృష్టించకపోవడానికి కారణం ఉంది. శాశ్వత పోస్టంటే ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, రోస్టరు పాటించాలి, పరీక్ష పెట్టాలి, ముప్పై ఏళ్లు జీతమివ్వాలి. దినసరి వేతనం మీద ఇష్టానుసారం తీసుకోవడాన్ని 1994 నాటి రెండో చట్టం నిషేధించింది. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్లు పనిచేసినవాళ్లను క్రమబద్ధీకరించడానికి వచ్చిన 212 జీవో చుట్టూ ఎన్ని వేల కేసులు తిరిగాయో హైకోర్టు వకీళ్లకు తెలుసు. 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం, ఎన్నేళ్లు చేసినా తాత్కాలిక ఉద్యోగికి పర్మినెంటు హక్కుగా రాదంది. చట్టం తలుపు వేసింది, పని మాత్రం ఆగలేదు. కాబట్టి కిటికీలు తెరిచారు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్, గౌరవ వేతనం, చివరికి సేవ.

ఆ కిటికీల్లోంచి వచ్చినవాళ్ల జాబితా చూడండి. వైఎస్ హయాంలో 2007లో ఆదర్శ రైతులు, నెలకు వెయ్యి; 2014లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. ఆయన హయాంలో బీమా మిత్రలు, కల్యాణ మిత్రలు, సాధికార మిత్రలు. 2019 తర్వాత జగన్ ప్రభుత్వం వాళ్లను పక్కన పెట్టింది. 2019 అక్టోబరులో ప్రభుత్వమే మద్యం దుకాణాలు నడుపుతూ సూపర్‌వైజర్లను, సేల్స్‌మెన్లను పెట్టుకుంది. 2024 అక్టోబరు 16న 3,396 దుకాణాలు ప్రైవేటు చేతికి వెళ్లాయి, వాళ్లు వీధిన పడ్డారు. 2021 జనవరిలో రేషను బళ్లు, 9,260. 2025 జూన్ 1 నుంచి మళ్లీ రేషను దుకాణాలే. బళ్ల సంగతి కొంచెం నయం. ఒప్పందం గడువు ఇంకా ఉందని ఆపరేటర్లు మొత్తుకున్నా పని పోయింది గానీ, బండి వాళ్లకే వదిలేశారు. ఉండి, కాళ్ల మండలాల రోడ్ల మీద ఆ బళ్లలో కూరగాయలో కొబ్బరికాయలో అమ్ముకోవచ్చు. దాని పక్కన కూర్చుని బియ్యం తూచిన హెల్పరుకు ఆ పాటి కూడా దక్కలేదు.

దీన్ని ఒక పార్టీ తప్పుగా రాసేవాళ్లున్నారు. ఎవరి పత్రిక వాళ్లది. జాబితాను కిందినుంచి పైకి చదివినా పైనుంచి కిందికి చదివినా రంగు మారుతుందే తప్ప పద్ధతి మారదు.

పద్ధతి మారితే ఫలితం ఎలా ఉంటుందో చూపడానికి వలంటీరు పక్క కుర్చీలో కూర్చున్న మనిషే సాక్ష్యం. గ్రామ, వార్డు సచివాలయాలూ అదే జగన్ పథకం, అదే 2019. అప్పటి తూర్పు గోదావరిలోని కరపలో అక్టోబరు 2న ప్రారంభించారు. లక్షా పాతిక వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. 20 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. సెప్టెంబరులో వారం పైన పరీక్షలు నడిచాయి. 15 వేల జీతంతో రెండేళ్ల ప్రొబేషన్ అన్నారు, అది 2022 జూన్ దాకా సాగింది. ఆ ఎనిమిది తొమ్మిది నెలల ఆలస్యానికి వాళ్లు సహాయ నిరాకరణ దాకా వెళ్లారు. అయినా ఒకసారి స్కేలు పడ్డాక కథ మారింది. కొత్త ప్రభుత్వం 2025లో ఈ సచివాలయాలను జనాభాను బట్టి మూడు తరగతులు చేసి, మిగులు సిబ్బందిని వేరే శాఖలకు సర్దాలనుకుంది. సర్దగలిగింది, తీసేయలేదు. ఒకే పథకం, ఒకే భవనం, ఒకే ముఖ్యమంత్రి పెట్టిన మనుషులు. పరీక్ష రాసినవాడు బదిలీ గురించి గొణుగుతున్నాడు, రాయనివాడు హైదరాబాదు బస్సెక్కాడు.

ఇక రెండో సగం, భృతి.

ఉద్యోగం లేనివాళ్లకు నెలనెలా ఇంత అని ఇచ్చే మాట 2014 ఎన్నికల్లో తెలుగుదేశం ఇచ్చింది. జాబు కావాలంటే బాబు రావాలన్న నినాదం ఆ రోజుల్లో గోడగోడనా ఉండేది. మాట నెరవేరడానికి నాలుగేళ్లు పైన పట్టింది. 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తం పేరుతో, 22 నుంచి 35 ఏళ్ల లోపు డిగ్రీ, డిప్లొమా చదివినవాళ్లకు నెలకు వెయ్యి మొదలైంది. ఎన్నికలు దగ్గరపడ్డాక రెండు వేలయింది. 2019 మే 30న ప్రభుత్వం మారింది, డబ్బు ఆగింది. ఎస్‌ఆర్‌కేఆర్‌లోనో డీఎన్నార్‌లోనో కాలేజీ చదువు ముగించి ఆ రెండు వేలతో కోచింగ్ మెటీరియలు, హాస్టలు మెస్సు లెక్క సరిపెట్టుకున్న పిల్లలకు అదొక ఏడాది కూడా నిలవని ముచ్చట.

2024లో తెలుగుదేశం ఆరు హామీల సూపర్ సిక్స్‌లో మొదటి హామీగా 20 లక్షల ఉద్యోగాలు, ఉద్యోగం వచ్చేదాకా నెలకు 3 వేలు అన్నారు. మిగిలిన హామీల్లో చాలావాటికి తేదీలున్నాయి. దీపావళికి గ్యాస్ సిలిండర్లు, 2025 జూన్‌లో తల్లికి వందనం, ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ, ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు. సెప్టెంబరు 10న అనంతపురంలో సూపర్ సిక్స్ విజయోత్సవ సభ పెట్టేనాటికి భృతి మాత్రం ఎవరి ఖాతాలోనూ పడలేదు. న్యాయంగా చెప్పాలంటే ఉద్యోగాల వైపు ఒక పెద్ద అడుగు పడింది. ముఖ్యమంత్రి తొలి సంతకం చేసిన 16,347 పోస్టుల మెగా డీఎస్సీ నడిచింది, 15,941 మంది ఎంపికయ్యారు, సెప్టెంబరు 25న నియామక పత్రాలు అందాయి. పాతికేళ్లకు గానీ కొలువు దొరకని 1998 బ్యాచ్‌తో పోలిస్తే ఏడాదిన్నర లోపు ఇది తేలడం మెచ్చుకోదగ్గదే. మిగతా లక్షల ఉద్యోగాల లెక్క పెట్టుబడుల ఒప్పందాల్లో ఉంది.

భృతి ఎందుకు కదల్లేదో లెక్క కట్టడం కష్టం కాదు. ఆ 20 లక్షల మందికే 3 వేల చొప్పున ఇస్తే నెలకు 600 కోట్లు, ఏడాదికి 7,200 కోట్లు. పైగా ఎవరు నిరుద్యోగి అన్నది తేల్చే యంత్రాంగం మన దగ్గర లేదు. పదెకరాల చెరువున్న ఇంటి కుర్రాడు పట్టా పుచ్చుకుని ఇంట్లో ఉంటే నిరుద్యోగే. ఆ చెరువు గట్టున మేత చల్లే మనిషి ఏడాదిలో నాలుగు నెలలు పని లేక కూర్చున్నా నిరుద్యోగి కాడు, డిగ్రీ లేదు కాబట్టి. యువనేస్తం చేసింది ఇదే. నా అభిప్రాయంలో మన భృతి హామీలకు అసలు లోపం మొత్తంలో లేదు, ఎవరికి అన్న దాంట్లో ఉంది. చదువుకు పరిహారంగా ఇస్తున్నారు గానీ, పని పోయినందుకు ఇవ్వడం లేదు.

పని పోయినందుకు ఇచ్చే ఏర్పాట్లు కేంద్ర చట్టాల్లో కొన్ని ఉన్నాయి, అవి పెద్దగా ఎవరికీ తెలియవు. 2005 ఉపాధి హామీ చట్టంలో, అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే మొదటి 30 రోజులకు కూలిలో నాలుగో వంతు, ఆపైన సగం భృతిగా ఇవ్వాలని రాశారు. ఇవ్వాల్సింది రాష్ట్రం. అందుకని పని అడిగిన తేదీ వేసిన రసీదు చేతికి ఇవ్వకపోవడమే చాలా చోట్ల ఆనవాయితీ అయింది. తేదీ లేకపోతే బాకీ లేదు. ఈఎస్ఐలో 2018 నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉంది. ఉద్యోగం పోయిన బీమాదారుకు సగటు జీతంలో పావు వంతు ఇచ్చేది, కరోనా కాలంలో సగానికి పెంచారు. 90 రోజుల దాకా వస్తుంది. జీవితంలో ఒకసారి.

భీమవరం చుట్టుపక్కల ఈ ఈఎస్ఐ పథకం అవసరం ఎవరికి అంటే రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్లకు. ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలలు తీసే, పొట్టు వలిచే పని అది. షిఫ్టు అయ్యేసరికి వేళ్లు తెల్లగా నానిపోతాయి. కంపెనీ బస్సు తెల్లవారుజామున ఊళ్లోకి వస్తే సరుకు ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. 2025 ఆగస్టు 27న అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు కౌంట్ల ధరలు, ఎగుమతిదారుల నష్టం, రైతుల గగ్గోలు అన్నీ పత్రికలకెక్కాయి. బస్సు రాని రోజుల లెక్క మాత్రం ఎక్కడా కనపడలేదు. కాంట్రాక్టరు మస్టర్లో పేరు పడితేనే ఈఎస్ఐ, పేరు కొన్నాళ్ల పాటు వరసగా ఉంటేనే ఆ సగం జీతం. నేను చూసినంతలో ఇక్కడ పథకం ఉందని తెలిసినవాళ్లే అరుదు. అదీగాక 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లతో, సర్కారు అనుమతి లేకుండా మనుషుల్ని తగ్గించుకోగల ఫ్యాక్టరీ పరిమితి 100 నుంచి 300 మందికి పెరిగింది.

చట్టబద్ధమైన భృతి ఉన్నచోట కొత్త ప్రభుత్వం కోత పెడితే ఎలా ఉంటుందో చూడాలంటే మన పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్న నార్త్ కరోలినా ఉంది. షార్లెట్, కేరీ పేర్లు ఇక్కడ చాలా ఇళ్లలో అందరికీ నోటికొచ్చు. 2013 జనవరిలో అక్కడ కొత్త గవర్నరు వచ్చారు, జులై 1 నుంచి వారానికి గరిష్ఠంగా 535 డాలర్ల భృతి 350కి పడింది, 26 వారాలు 20కి మించకుండా తగ్గాయి. కేంద్రానికి ఉన్న అప్పు తీర్చడానికన్నారు. చాలా కటువైన కోత. అయినా శాసనసభలో బిల్లు పెట్టి, ఓటేసి, ఫలానా తేదీ నుంచి అని రాసి చేసిన కోత. తిట్టుకునేవాళ్లకు తిట్టడానికి ఒక సెక్షను నంబరు ఉంది. హెచ్1బీ మీద ఉన్నవాడికి అక్కడ భద్రత అంతకన్నా పలచన. ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికి 60 రోజులు. మన వలంటీరుకు ఆ 60 రోజుల నోటీసైనా లేదు.

పోయిన ఆదాయానికి లెక్క కట్టి ఇవ్వడం మన దగ్గర అసాధ్యమని నేను ఒప్పుకోను. ఉచిత బస్సు వచ్చాక గిరాకీ పడిపోయిందని ఆటోవాళ్లు రోడ్డెక్కారు. ప్రభుత్వం విన్నది. 2025 అక్టోబరు 4న దాదాపు 2.9 లక్షల మంది డ్రైవర్లకు తలా 15 వేలు ఇచ్చింది. సుమారు 435 కోట్లు. ప్రభుత్వ నిర్ణయం వల్ల ఆదాయం పోయిందని ఒప్పుకుని పరిహారం కట్టడమంటే ఇదే. మంచి పని. ఆటోవాళ్లు సర్కారు మనుషులు కారు, సర్కారు వాళ్లను ఎన్నడూ పనిలో పెట్టుకోలేదు.

ఇదే కొలతతో వలంటీర్ల లెక్క చూద్దాం. ప్రైవేటు ఫ్యాక్టరీలో కార్మికుణ్ని తీసేస్తే, 2024లో అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం పరిహారంగా ఇవ్వాల్సి ఉండేది. ఆరు నెలలు దాటిన భాగాన్నీ ఏడాదిగానే లెక్కపెట్టేవారు. ఆ చట్టం వలంటీరుకు వర్తించేది కాదు, కొలతకు మాత్రం పనికొస్తుంది. 2019 ఆగస్టు 15 నుంచి 2024 జూన్ దాకా అంటే ఐదేళ్ల కింద లెక్క. నెలకు 5 వేల మీద ఏడాదికి రెండున్నర వేలు, మొత్తం మనిషికి పన్నెండున్నర వేలు. రెండు లక్షల 60 వేల మందికీ ఇచ్చినా 325 కోట్లు. రాజీనామా చేసినవాళ్లను, మధ్యలో చేరినవాళ్లను తీసేస్తే అదింకా తగ్గుతుంది.